ఊపిరి వినపడకుండా

మైకు ముందుకు వెళ్ళేటప్పుడు గాజులు తీసెయ్యాలి, చేతి గడియారం తీసెయ్యాలి. గంజి పెట్టిన చీర అసలు కట్టుకోకూడదు, కాస్త కదిలితే చాలు గరగరమంటుంది. పద్దెనిమిదేళ్ళుగా సినిమా తారలకు గొంతు అరువిస్తున్న పుష్పకుమారికి ఇదంతా తల దువ్వుకున్నంత అలవాటు. గాజులూ గడియారమూ రుమాల్లో మూటగట్టి, డబ్బింగు థియేటరు గుమ్మం బయట స్టూలు మీద కూర్చునే కొమురమ్మ చేతిలో పెట్టి, మందపాటి తలుపు మూయించుకుని, పైన ఎర్రదీపం వెలగగానే ప్రపంచాన్నంతా బయటే వదిలేసేది. ఇవాళ ప్రపంచం ఆమెతో పాటే లోపలికి వచ్చి కూర్చుంది. ఐదింటిలోగా చెప్పాలి. లోపల గోడ గడియారం లేదు, టిక్కుటిక్కు మైకుకు పట్టేస్తుందని ఈ గదిలో ఏనాడూ పెట్టలేదు. తను వచ్చినప్పుడు నాలుగు కావస్తోంది. ఆ తర్వాత ఎన్ని టేకులయ్యాయి, ఆరా, తొమ్మిదా? ఎర్రదీపం ఉన్నంతసేపు తలుపు తీయకూడదు. రాయాలా, వద్దా? రాయించాలా, మాన్పించాలా? చల్లటి గదిలో ఆమెకు చంకల్లో చెమట పోస్తోంది.

తెర మీద ఆ పిల్ల మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. బొంబాయి నుంచి తెచ్చుకున్న కొత్త హీరోయిను, తెలుగు ఒక్క ముక్క రాదు. రాకపోయినా ఫర్వాలేదని ఎవరు చెప్పారో గానీ, ఆ మహాతల్లి కెమెరా ముందు డైలాగులకు బదులు అంకెలు చదివేసింది. ఏక్, దో, తీన్, చార్ అంటూ కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని పదకొండు దాకా లెక్కపెట్టింది. ఎంత బాగా ఏడ్చిందో, లెక్కలకు అంత ఏడుపు రావడం పుష్పకుమారి ఎక్కడా చూడలేదు. ఆ పదకొండు అంకెల మీద ఇప్పుడు తను తెలుగు మాట కూర్చాలి. ఊరెళ్ళే మొగుణ్ణి గుమ్మంలో సాగనంపుతూ, లోపల జబ్బు ముదురుతున్నా పైకి చెప్పని భార్య: "నేను బాగానే ఉన్నానండీ. మీరు నిశ్చింతగా వెళ్ళిరండి." అంతే. పదిహేను సెకన్ల ఫిల్ము ముక్కను తలా తోకా కలిపి అతికించి ప్రొజెక్టరుకు ఎక్కించారు. ఊళ్ళో కొత్త థియేటర్లలో వెనక్కీ ముందుకీ తిరిగే మిషన్లు వచ్చాయట గానీ, ఫిల్మ్ నగర్‌లో ఈ గుట్ట మీది పాత థియేటర్లో మాత్రం ఇంకా ఈ లూపులే. మాట పెదవుల మీద సరిగ్గా కూర్చునేదాకా ఆ ముక్క తిరుగుతూనే ఉంటుంది. ఆ పిల్ల గుమ్మంలోకి రావడం, కళ్ళెత్తడం, పదకొండు లెక్కపెట్టడం, తల తిప్పుకోవడం, మళ్ళీ గుమ్మంలోకి రావడం. పుష్పకుమారికి మామూలుగా రెండు టేకులు చాలు. మూడోది అడిగితే సౌండ్ ఇంజనీరు త్రినాథరావే నొచ్చుకుంటాడు. అలాంటివాడు ఇందాకట్నుంచి గాజు కిటికీ అవతల తలమీద చెవిదొప్పలు సర్దుకుంటూ, ఊపిరి వినపడుతోందమ్మా, డైలాగుకు ముందు ఊపిరి పడుతోంది, ఇంకొకటి చేద్దాం అంటున్నాడు.

ఊపిరి పడదా మరి, మనిషిని కానా అనుకుంది. పొద్దున పదకొండింటికి కాలేజీలో పట్టాభిరామయ్యగారి ఎదుట కూర్చున్నప్పటి నుంచీ ఆమెకు ఊపిరి సరిగ్గా ఆడటం లేదు. ఆ ప్రిన్సిపాలు చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకుంటూ బయటికొచ్చేది. ఆయన బల్ల మీద ఆమె కూతురు సారా హాల్ టికెట్టు పెట్టి, దాని పక్కన ఖాళీ తెల్లకాగితం పెట్టి, రెంటినీ ఒక్కసారి సరిచేసి, మెల్లగా చెప్పాడు. పదో తరగతిలో జిల్లాకే రెండో స్థానం తెచ్చిన పిల్ల, మొదటి సంవత్సరం ఇంటరులో బైపీసీ మొత్తానికి ఫస్టు, మా గోడ మీద ఫోటో పెట్టుకున్న పిల్ల, అలాంటిది ప్రీఫైనల్లో జువాలజీకి సగం పేపరు తెల్లగా వదిలేసింది, ఫిజిక్సులో రెండు ప్రశ్నలు రాసి లేచి వచ్చేసింది. పరీక్షలకు ఇంకా ఇరవై రెండు రోజులుంది. రాస్తే ఏమొస్తాయో నేను చెప్పలేను, వచ్చిన మార్కులు మాత్రం జన్మంతా వెంట ఉంటాయి. రాయనంటే ఇవాళ సాయంత్రం ఐదింటిలోగా నాకు ఫోన్ చేసి చెప్పండి, చివరి లిస్టు బోర్డుకు వెళ్ళేలోపు పేరు తీయించేస్తాను, వచ్చే మార్చిలో మొదటిసారి రాసినట్టే ఉంటుంది. ఐదు దాటాక మాత్రం నా చేతుల్లో లేదు, హాలుకు రాకపోతే ఆబ్సెంట్ అని పడుతుంది, ఆ ముద్ర చెరగదు. మీరు తల్లి, మీకు తెలుస్తుంది అన్నాడు చివర్న. ఏం తెలుస్తుంది? ఎవర్ని చూసినా అదే మాట. తల్లులకు పుట్టుకతోనే ఏదో యంత్రం బిగించి పంపినట్టు మాట్లాడతారు అని ఆమెకు ఒళ్ళు మండింది.

"రెడీయా అమ్మా?" త్రినాథరావు గొంతు స్పీకర్లోంచి వచ్చింది. తలూపింది. ఆ పిల్ల గుమ్మంలోకి వచ్చింది. నేను బాగానే ఉన్నానండీ. ఊపిరి పడింది, ఆమెకే తెలిసింది. ఆయన ఏమీ అనకుండా మళ్ళీ తిప్పాడు. భర్త ఆనందకుమార్ కూడా అంతే, ఏమీ అనడు. ఆఫీసుకు వెళ్తూ స్కూటరు స్టార్టు చేసి, హెల్మెట్టు పెట్టుకుని, మాట వినపడకుండా పోవడానికి అన్ని ఏర్పాట్లూ చేసుకున్నాక, "నీ ఇష్టం పుష్పా, నువ్వు ఏమంటే అదే" అన్నాడు. పాతికేళ్ళ కాపురంలో ఆ మనిషి నీ ఇష్టం అన్నప్పుడల్లా ఆయనకొక ఇష్టం ఉంటుంది. ఆ ఇష్టం నెరవేరితే మౌనం, నెరవేరకపోతే ఇంకా పెద్ద మౌనం. ఆయన ఇష్టమేమిటో వెంగళరావు నగర్ చర్చిలో పసిపిల్లనడిగినా చెబుతుంది. ఏటా పరీక్షల ముందు ఆదివారం, రాసే పిల్లలందరూ హాల్ టికెట్లూ పెన్నులూ పట్టుకుని బలిపీఠం ముందు వరుసగా మోకరిస్తారు, పాస్టరుగారు పేరుపేరునా ప్రార్థిస్తారు. ఈ ఏడు ఆ పేర్ల జాబితా రాసిందే ఆనందకుమార్. మొదటి పేరు సారా. పేరు పక్కన మెడిసిన్ అని కూడా రాశాడు, దేవుడికి ఏ కోర్సో తెలియకపోతే కష్టమన్నట్టు. వచ్చే ఆదివారమే అది. రాయటం లేదంటే, ఆ వరుసలో మోకరించకుండా వెనక బల్ల మీద కూర్చున్న సారాను చూడ్డానికి మూడొందల తలలు వెనక్కి తిరుగుతాయి. ఏమైందట, ఏమన్నా వ్యవహారమా, పిల్లకి మతి చలించిందా అని పలకరింపుల్లాగే అడుగుతారు. ఆ రోజు ఆయన మొహం ఎలా ఉంటుందో ఆమెకు ఇప్పుడే కనపడుతోంది. రాయిస్తే మాత్రం? రాయిస్తే ఇరవై రెండు రోజుల తర్వాత, ఏ సెంటర్లోనో, ఏ బెంచీ మీదో, పిల్ల ముందు ఆ తెల్లకాగితం.

మార్జిన్లు. అబ్బ, ఆ మార్జిన్లు. మొన్న మధ్యాహ్నం చదువుకుంటోంది కదా అని పాలు తీసుకుని గదిలోకి వెళ్తే, సారా బాత్‌రూములో ఉంది, బల్ల మీద లాంగ్ నోటుబుక్కు తెరిచి ఉంది. ఎంత చక్కగా గీసిందో మార్జిన్లు, ఎడమ పక్క రెండు గీతలు, పైన ఒకటి, ఎర్ర పెన్నుతో. మార్జిను పక్కన ఒకటి అని అంకె వేసి ఉంది. ఇంకేం లేదు. పేజీ తిప్పితే మళ్ళీ మార్జిన్లు, మళ్ళీ ఒకటి. తిప్పుతూ పోయింది, అరవై పేజీలో డెబ్బై పేజీలో, అన్నిట్లోనూ గీతలు తిన్నగా ఉన్నాయి, అన్నిట్లోనూ ఒకటో ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. పాలగ్లాసు అక్కడే పెడితే చూసినట్టు తెలుస్తుందని మళ్ళీ వంటింట్లోకి తీసుకెళ్ళిపోయింది పుష్పకుమారి. ఎందుకలా చేశానని ఇప్పుడు సిగ్గేస్తోంది. దొంగలా వచ్చి దొంగలా వెళ్ళింది. ఆనందకుమార్‌కు చెబితే, రివిజను చేసుకోవడానికి పేజీలు సిద్ధం చేసుకుంటోందేమో అన్నాడు. అలా అనడానికి ఆయనకు ఎంత కష్టపడాల్సి వచ్చిందో ఆ గొంతులో వినపడింది. అందరి గొంతులూ వినపడతాయి తనకు. ఫోన్లో హలో అంటే అవతలివాళ్ళు నిలబడి మాట్లాడుతున్నారో పడుకుని మాట్లాడుతున్నారో చెప్పేస్తుంది, పోయిన ఏడాది ఒక ప్రొడ్యూసరు హైదరాబాదులో లేనని ఫోన్లో చెప్పినప్పుడు వెనకాల కృష్ణానగర్ బజ్జీల బండివాడి కేక విని, బజ్జీలు బాగున్నాయా అండీ అని అడిగింది. ఇంత చెవి పెట్టుకుని, నెలలో రెండు ఆదివారాలు హాస్టలు నుంచి ఫోను చేసే సారా గొంతులో ఆర్నెల్లుగా ఏమీ ఎందుకు వినపడలేదు? బాగానే చదువుతున్నానమ్మా. బాగానే తింటున్నానమ్మా. ప్రతిసారీ హాయిగా, నిండుగా, ఒక్క ముడత లేకుండా ఉండేది ఆ గొంతు. పది రోజుల కిందట వార్డెను కబురు పెడితే వెళ్ళి తీసుకొచ్చినప్పుడు, మంచం అంచున కూర్చుని ఉన్న ఆ ఎముకల పోగుకూ ఫోన్లో గొంతుకూ పొంతనే లేదు.

ఎక్కడో డమ్మని పేలింది, నేల కాళ్ళ కింద సన్నగా వణికింది. జూబ్లీహిల్స్ వైపు ఎవరిదో బంగళాకు బండలు పేలుస్తున్నారు. త్రినాథరావు చెవిదొప్పలు తీసి బల్ల మీద పడేసి, ఈ కొండలన్నీ పిండి చేసేదాకా వీళ్ళు మనల్ని పని చేసుకోనివ్వరమ్మా అని గొణిగాడు. రోజూ నాలుగున్నర ప్రాంతంలోనే పేలుస్తారు. అంటే నాలుగున్నర అయిందన్నమాట. అరగంట ఉంది. టేకు బాగా పడితే పది నిమిషాల్లో వదిలేస్తారు, పడకపోతే ఎప్పటికీ వదలరు. వదిలితే మాత్రం పట్టాభిరామయ్యగారికి ఏం చెబుతుంది? పొద్దున సారాను అడిగింది. అడగాలి కదా, పిల్ల జీవితం కదా, పదిహేడేళ్ళు వచ్చాయి కదా. జడ వేస్తూ, అద్దంలోకి చూసి, మార్చిలో రాస్తావా నాన్నా, లేక వచ్చే ఏడు రాద్దామా, నీ ఇష్టం, అంది. అద్దంలో సారా నవ్వింది. "రాస్తానమ్మా. నువ్వేం కంగారు పడకు." అంత చల్లగా చెప్పేసరికి ఎదురుగా ఉన్న కొండ కరిగిపోయినట్టయింది. నిజంగానే సంతోషించింది, సిగ్గులేకుండా. ఆటో ఎక్కాక కూడా ఆ సంతోషం సగం దారి దాకా ఉంది. తీరా పట్టాభిరామయ్యగారు హాల్ టికెట్టు ఇవ్వబోతే మాత్రం ఎందుకో చెయ్యి చాపలేకపోయింది, సాయంత్రం చెబుతానండీ అని లేచి వచ్చేసింది. ఎందుకో ఆమెకే తెలియదు. రాస్తానమ్మా. నువ్వేం కంగారు పడకు. తెర మీద ఆ పిల్ల గుమ్మంలోకి వచ్చింది, కళ్ళెత్తింది, ఏక్ దో తీన్ చార్, పుష్పకుమారి ఈసారి నోరు తెరవకుండా ఊరికే చూసింది. రాస్తానమ్మా నువ్వేం కంగారు పడకు. ఆ పెదవుల మీద ఆ మాట సరిగ్గా కూర్చుంది.

అప్పట్లో తొమ్మిదేళ్ళ సారా, ఎర్ర గౌను, రెండు జడలు, ఇదే గదిలో, ఇదే మైకు ముందు రెండు పుస్తకాల కట్టలు వేసి వాటిమీద నిలబెట్టారు. సినిమాలో ఒక చిన్నపిల్లకు గొంతు కావాలి, పిల్లను తీసుకురాకూడదా అమ్మా అని త్రినాథరావే అడిగాడు. తల్లి ఆస్పత్రిలో ఉంటే, తండ్రి భయపడకూడదని ఆ పిల్ల, నాకేం ఏడుపు రావట్లేదు నాన్నా అనాలి. సారా అన్నప్పుడల్లా గొంతు వణికింది. నిజంగానే ఏడుపొచ్చేసింది దానికి. అప్పుడు తను లూపు ఆపించి, మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల పొట్ట మీద చెయ్యి వేసి నేర్పింది. ఏడుపు దాచే మాటకు ముందు ఊపిరి తీసుకోకూడదమ్మా, తీసుకుంటే వణుకు దాంతో పాటు లోపలికొచ్చేస్తుంది. సగం ఊపిరి మెల్లగా వదిలేసెయ్యి, ఎవరికీ వినపడకుండా, పొట్ట గట్టిగా పట్టుకుని మిగిలిన సగంతో మాట చెప్పెయ్యి. అప్పుడు గొంతు రాయిలా నిలబడుతుంది. ఈ కిటుకు ఆమె మద్రాసులో ఎవరో పెద్దావిడ కాళ్ళావేళ్ళా పడి నేర్చుకుంది, సారాకు అయిదు నిమిషాల్లో వచ్చేసింది. నాకేం ఏడుపు రావట్లేదు నాన్నా. ఒక్క టేకు. త్రినాథరావు లేచి వచ్చి పిల్లకు చాక్లెట్టు ఇచ్చాడు. ఇంటికెళ్ళే దారంతా పుష్పకుమారి గర్వంతో ఉబ్బిపోయింది, ఆనందకుమార్‌కు పదిసార్లు చేయించి వినిపించింది. నేర్పింది తనే. తన చెవికి చిక్కకుండా ఎలా మాట్లాడాలో తనే, పొట్ట మీద చెయ్యి వేసి మరీ, ఒడిలో పెట్టుకుని మరీ నేర్పింది. ఆర్నెల్లూ ఫోన్లో వినపడింది ఆ సగం ఊపిరే. పొద్దున అద్దంలో కూడా. రాస్తానమ్మా అనేముందు సారా ఊపిరి తీసుకోలేదు. జడ పట్టుకున్న తన చేతులకు ఆ వీపు కదలటం తెలియాలి కదా, తెలియలేదు. వీపు కొయ్యలా ఉంది.

టపుక్కున తెర తెల్లబడింది. లూపు తెగింది. పైన ప్రొజెక్టరు గదిలోంచి భిక్షం, అతికిస్త సార్, జర పది నిమిషాలు, అని అరిచాడు. ఎర్రదీపం ఆరిపోయింది. పుష్పకుమారి తలుపు తోసుకుని బయట పడేసరికి వరండాలో ఎండ కళ్ళలో కొట్టింది. కొమురమ్మ ఒళ్ళో రుమాలు మూట పెట్టుకుని, ఆమె అడక్కముందే విప్పి గడియారం చూపించింది. ఐదుకు పద్నాలుగు నిమిషాలు తక్కువ. "వచ్చినకాడి నుంచి జూస్తున్న, నీ మొకం మంచిగ లేదమ్మా," అంది కొమురమ్మ. "బిడ్డకేమన్న అయిందా?" ఫోను చెయ్యాలి అంది పుష్పకుమారి. ఆఫీసు గదిలో మేనేజరు లేడు, చిన్న తాళం వేసిన ఫోను మీద దుమ్ము. తాళంచెవి ఎక్కడుంటుందో కొమురమ్మకు తెలుసు, క్యాలెండరు వెనక మేకుకు. గాజులు లేని చేత్తో ఇంటి నంబరు తిప్పింది. అటు మోగుతోంది. షూటింగు కబుర్ల కోసం పెట్టించుకున్న ఫోను, హాల్లో బైబిలు పెట్టే చిన్న బల్ల మీద మోగుతోంది. ఆరోసారికి తీసింది.

హలో అంది సారా. అన్నం తిన్నావా అని అడిగింది పుష్పకుమారి. తిన్నానమ్మా. మధ్యాహ్నం పడుకున్నావా? పడుకున్నానమ్మా. నిండుగా, హాయిగా, ఒక్క ముడత లేదు. ఈసారి మాటలు వినలేదు పుష్పకుమారి, మాటల ముందుండే చోటును విన్నది. అక్కడ ఏమీ లేదు. మనిషన్నవాడెవడూ అలా మాట్లాడడు.

"సారా," అంది, "నేను నేర్పినట్టు మాట్లాడకమ్మా."

లైన్లో సన్నటి ఈలలాంటిది, వెనక ఎక్కడో ఇంటి ముందు కూరలబండి. పోయిందేమో లైను అనుకునేంతసేపు. అప్పుడు వినపడింది. ఒక్కసారిగా, బావిలో పడినవాడు పైకి తేలినప్పుడు పీల్చుకున్నంత పెద్ద ఊపిరి, మధ్యలో రెండుచోట్ల తెగుతూ లోపలికి వెళ్ళింది.

"నన్ను అడక్కమ్మా," అంది సారా. ఆ గొంతు ఇంకెవరిదోలా ముక్కలైపోయింది. "రాస్తావా రాయవా అని అడక్కు. నాకు అది కూడా రాయడం రావట్లేదు. నువ్వే చెప్పెయ్యి."

నీ ఇష్టం, నీ ఇష్టం అని తామిద్దరూ ఆ పిల్ల ముందు ఇంకో ప్రశ్నాపత్రం పెట్టి కూర్చున్నారు. ఆయన తన మీదికి తోశాడు, తను దాని మీదికి తోసింది, తోయడానికి దానికి కింద ఎవరూ లేరు. పుష్పకుమారికి భయమేసింది. సంవత్సరం పోతుంది. ఆయన మాట్లాడడు. ఆదివారం మూడొందల తలలు. వచ్చే ఏడు మార్చికైనా బాగుపడుతుందని ఎవరు చెప్పారు, ఎవరూ చెప్పలేదు. "రాయటం లేదు నువ్వు," అంది. "నేను చెబుతున్నాను. నాన్నకూ నేనే చెబుతాను. ఫోను పెట్టేసి ఏడు, నేనొచ్చేదాకా ఏడు." ఏ తల్లీ కూతురితో ఇలా అనదేమో అనుకుంది. పట్టాభిరామయ్యగారి నంబరు తిప్పేటప్పుడు గోడ మీద గడియారం ఐదుకు ఆరు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఆయన విని, ఆలోచించే చెబుతున్నారా అమ్మా అని అడిగాడు. లేదండీ, విని చెబుతున్నాను, పేరు తీయించెయ్యండి, అంది.

వరండాలో కొమురమ్మ రుమాలు మూట మళ్ళీ కట్టి ఒళ్ళో పెట్టుకుంది. పుష్పకుమారి లోపలికి వెళ్ళగానే తలుపు మూసుకుంది, ఎర్రదీపం వెలిగింది. ఇంకో గంటలో ఆనందకుమార్ స్కూటరు ఇంటి గేటు ముందు ఆగుతుంది, హెల్మెట్టు తీసేలోపే చెప్పెయ్యాలి, ఎలా మొదలుపెట్టాలో ఒక్క మాటా తోచటం లేదు. భిక్షం అతికించిన ముక్క తిరగడం మొదలైంది. అతుకు దగ్గర తెర చిన్నగా ఎగిరింది, ఆ పిల్ల గుమ్మంలోకి వచ్చింది, కన్నీళ్ళతో కళ్ళెత్తింది. పుష్పకుమారి గుండెల నిండా ఊపిరి తీసుకుంది.

"నేను బాగానే ఉన్నానండీ. మీరు నిశ్చింతగా వెళ్ళిరండి."

గాజు కిటికీ అవతల త్రినాథరావు చెయ్యెత్తాడు. పెదాలకు బ్రహ్మాండంగా కూర్చుందమ్మా, కానీ ముందు ఊపిరి వినపడింది, ఇంకొక్కటి చేద్దాం అన్నాడు.

"వినపడనివ్వండి త్రినాథరావుగారూ," అంది పుష్పకుమారి.